రెండు అతుకుల బెల్టు

నేను కాపురానికి వచ్చేనాటికే వర్ధన్నపేటలో మా అత్తగారింట్లో ఇంజను ఉంది. ఖమ్మం సడక్‌ను ఆనుకుని ముందు పిండి గిర్ని, వెనక ఇల్లు. గిర్నిలో ఒక మూల ఆయిల్ ఇంజను, దానికి పది పన్నెండు అడుగుల దూరంలో పిండి పట్టే రాళ్ళు. ఇంజను చక్రం నుంచి రాళ్ళ చక్రం దాకా నాలుగంగుళాల వెడల్పు బెల్టు ఒకటి తిరుగుతుండేది. రబ్బరు పట్టించిన మందపాటి కాన్వాసు గుడ్డ అది. దాని రెండు కొసలను ఇనుప క్లిప్పులతో కలిపి బిగించేవాళ్ళు. ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా ‘టప్’ మని చప్పుడయ్యేది. వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్నా, పెరట్లో బట్టలు ఉతుకుతున్నా ఆ చప్పుడు చెవిలో పడుతూనే ఉండేది.

“ఆ సప్పుడు ఆగితే నాకు బువ్వ లోపలికి పోదు పిల్లా” అనేది మా అత్త.

డెబ్బయ్యో దశకం మధ్య రోజులు. నాకు పందొమ్మిదేళ్ళు. మా ఆయనకు ఇరవై ఆరో ఇరవై ఏడో. మామ పోయి అప్పటికే రెండేళ్ళు. గిర్ని మొత్తం మా ఆయన చేతి మీదే నడిచేది. ఊళ్ళో వాళ్ళే కాదు, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు జొన్నలు, మక్కలు, గోధుమలు మూటలు కట్టుకుని నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఒక్కొక్క రోజు గిర్ని గోడ పొడుగునా మూటలు వరుసగా ఉండేవి.

బెల్టు అప్పుడప్పుడూ చక్రం మీంచి జారిపోయేది. దాన్ని మళ్ళీ ఎక్కించాలంటే ఇంజను ఆపాలి. ఆపితే మళ్ళీ హ్యాండిలు వేసి తిప్పాలి, అది ఒక పట్టాన అందుకోదు. అందుకని మా ఆయన ఇంజనును నెమ్మది చేసి, తిరుగుతున్న చక్రం మీదికే అరచేత్తో బెల్టు అంచును నెట్టేవాడు. అది గబుక్కున ఎక్కి కూర్చునేది. చూస్తున్న ఆడవాళ్ళు “అబ్బ” అనేవాళ్ళు. నేనూ చాలాసార్లు చూశాను. ఆ పని అంత ప్రమాదమని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వానాకాలంలో ఒక పొద్దున నేను పెరట్లో జొన్నలు చెరుగుతున్నాను. టప్ మనే చప్పుడు ఆగింది. బెల్టు జారింది కాబోలనుకున్నాను. బరువు తగ్గిన ఇంజను రొద కొంచెం పెరిగి, మళ్ళీ తగ్గింది. ఆ తర్వాత ఒక కేక. చేట పడేసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. ఆయనే ఎడమ చేత్తో ఆపాడట. కుడిచేతికి భుజం మీది తువ్వాల చుట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పిండి కంటే తెల్లగా ఉంది.

“దగ్గరికి రాకు” అన్నాడు నాతో. “సూడకు.”

లారీ ఒకదాన్ని ఆపి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఇరవై రోజులు అక్కడే ఉన్నాం. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మధ్యలోని మూడూ పోయాయి.

ఇంటికి వచ్చాక ఆయన గిర్ని గడప తొక్కలేదు. తాళం వేసి చెవి అత్త చేతికిచ్చాడు. ఆ మర్నాటి నుంచీ నడక మొదలుపెట్టాడు. పొద్దున చాయ తాగి సడక్ మీదికి వెళ్ళేవాడు. ఊరి అవతలి కల్వర్టు దాకా పోయి వచ్చేవాడు. ఇంట్లోకి వచ్చి చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళేవాడు. హోటల్ బెంచీ మీద కూర్చుంటే చాయ గ్లాసు వచ్చేలోపే లేచిపోతున్నాడని ఎవరో చెప్పారు. అన్నం ముందు కూర్చున్నా అంతే, సగం తిని లేచేవాడు. ఎడమ చేత్తో తినడం ఆయనకు సిగ్గు. నేను కలిపి పెడతానంటే మరీ కోపం.

నేనేమీ తక్కువ కాదు. మా పుట్టింట్లో నన్ను కాలుగాలిన పిల్లి అనేవాళ్ళు. గిర్ని చప్పుడున్నప్పుడు నా చేతులూ దాని వెంట కదిలేవి. అది ఆగిపోయాక ఏ పని మొదలుపెట్టినా మధ్యలో వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. ఎదురుగా సడక్ మీద ఆడవాళ్ళు జొన్న మూటలు నెత్తిన పెట్టుకుని మా ఇల్లు దాటి, పక్క ఊరి గిర్నికి నడిచిపోతుండేవాళ్ళు. మా వైపు చూసేవాళ్ళు కాదు. చూస్తే మేం బాధపడతామని కాబోలు. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఒకరోజు అత్త బొడ్లోంచి తాళం చెవి తీసి నా ముందు పెట్టింది.

“నువ్వు నడుపు” అంది.

“నాకేం ఎరుక అత్తా? ఇంజన్ సంగతి నాకేం తెల్సు?”

“నాకు గూడ తెల్వదు. ఆనికి తెల్సు. అడుగు.”

ఆయన్ను అడిగాను. వినబడనట్టు సడక్ మీదికి వెళ్ళిపోయాడు. నేను తాళం తీశాను. లోపల ఎలుకల కంపు, పాత పిండి వాసన. బెల్టు చక్రాల మీద వేలాడుతూ ఉంది. ఇంజను హ్యాండిలు తీసుకుని తిప్పబోయాను. ఒక చుట్టు తిరిగి అది వెనక్కి తన్నింది. మణికట్టు విరిగిందేమో అనుకున్నాను.

“బొటనవేలు అవతల పెట్టకు!”

కిటికీలోంచి అరిచాడాయన. సడక్ వైపు కిటికీ బయట నిలబడి చువ్వలు పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

“ఎట్ల పెట్టాలె మరి?”

“ఐదు వేళ్ళూ ఒక్క దిక్కే పెట్టు. అది ఎనుకకు తన్నితే చెయ్యి జారి వస్తది. బొటనవేలు సుట్టూ తిప్పి పట్టుకుంటే ఇరుగుతది.”

అలా మూడు రోజులు. ఆయన కిటికీ అవతల, నేను లోపల. “పైన చిన్న లివర్ ఉంటది, లేపు. ఇప్పుడు తిప్పు. ఇంక జోరుగ. వదులు, లివర్ వదులు!” అని ఆయన అరవడం, నేను చెమటలు కక్కుతూ తిప్పడం, ఇంజను దగ్గి ఊరుకోవడం. “లోపలికి వచ్చి చెప్పరాదు?” అన్నానొకసారి. ఆయన చువ్వలు వదిలేసి వెళ్ళిపోయాడు. గంట తర్వాత మళ్ళీ వచ్చి ఏమీ జరగనట్టే కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇక నేను ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంజను అందుకుంది. పొగ గొట్టం డబడబమంటుంటే అత్త పొయ్యి మీది అన్నం వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు.

నేను ఒక్క నియమం పెట్టుకున్నాను. బెల్టు జారితే ఇంజను ఆపాల్సిందే. చక్రం పూర్తిగా ఆగి, నేను చేత్తో ముట్టుకుని చూశాకే బెల్టు ఎక్కిస్తాను. మళ్ళీ హ్యాండిలు వేసి తిప్పేసరికి పావుగంట పట్టేది. మూటల వాళ్ళు విసుక్కునేవాళ్ళు.

“మీ ఆయన ఎన్నడన్న ఇట్ల ఆపిండా? ఇంటి కాడ పొల్లగాండ్లు ఆకలితోని ఏడుస్తాండ్రు” అంది ఒకామె. అంటూనే కిటికీ వైపు చూసింది. చువ్వల మీద ఆయన కుడిచెయ్యి ఉంది. ఆమె తన మూటను గోడ వారకు జరుపుకుంది.

బెల్టు నాకు పెద్ద దిగులై కూర్చుంది. ప్రతి పొద్దునా దాన్ని వేళ్ళతో తడుముతూ చుట్టంతా చూసేదాన్ని. రబ్బరు పగుళ్ళిచ్చి లోపలి గుడ్డ కనబడుతూ ఉండేది. అతుకు దగ్గర రెండుసార్లు చిరిగితే, చిరిగినంత మేర కోసి మళ్ళీ బిగించాం. అంటే ఊళ్ళో ఒక కమ్మరాయన వచ్చి బిగించి పెట్టాడు. ఇంజను సిమెంటు దిమ్మెలో పాతుకుని ఉంది. దాన్ని ముందుకు జరపలేం. ఇక బెల్టు తెగితే కోసి అతకడానికి పొడవు చాలదని నాకు తెలుసు. కొత్తది ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలనీ తెలుసు. కానీ పొద్దున లేస్తే మూటలు, పిండి, డీజిల్. రేపు పోతా, ఎల్లుండి పోతా అంటూ ఏడాది దాటించాను. రాత్రి పడుకుంటే చెవిలో టప్, టప్. మధ్యలో ఒక టప్ వినబడకపోతే ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇంజను ఎప్పుడో ఆపేశామని అప్పుడు గుర్తొచ్చేది.

ఎండాకాలం మొదట్లో అది తెగనే తెగింది. తెగిన కొస గోడకు కొట్టి, సున్నం పెచ్చు లేచింది. ఎవరికీ తగల్లేదు.

నూలు తాడు ఒకటి రెండు చక్రాల చుట్టూ బిగించి, ముడి వేసి కొలత తీసుకున్నాను. బయల్దేరుతుంటే ఆయన సడక్ మీద ఎదురయ్యాడు.

“ఎటు పోతానవ్?”

“వరంగల్. బెల్టు తేవాలె. వస్తవా?”

ఆయన నా చేతిలోని తాడు చూశాడు. ఏదో అనబోయి, “నాలుగు పొరలది అడుగు. మూడు పొరలది ఇస్తరు, తీసుకోకు” అని కల్వర్టు వైపు నడిచాడు.

వరంగల్ స్టేషన్ సడక్ మీద ఇంజను సామాన్ల దుకాణం ఉండేది. తెల్ల గడ్డం ముసలాయన, తలకు టోపీ, కళ్ళద్దాలకు దారం. చుట్టూ మొగవాళ్ళు. నేను పక్కన నిలబడ్డాను. ఎంతసేపటికీ నా వంతు రాలేదు. చివరికి తాడు తీసి ఆయన ముందున్న బల్ల మీద పెట్టాను.

“ఏంది బిడ్డా ఇది? తాడు కావాల్నా?”

“కాదు చాచా. ఇంత పొడుగు బెల్టు కావాలె. నాలుగంగుళాలు. నాలుగు పొరలది.”

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు. “మీ ఇంటాయన రాలే?”

“రాలే. గిర్ని నేనే నడుపుతాన.”

అక్కడున్నవాళ్ళు ఒకళ్ళిద్దరు తిరిగి చూశారు. ముసలాయన మాత్రం తాడు చేతిలోకి తీసుకున్నాడు. తాడు కొలిచి, బెల్టు చుట్ట విప్పి, తాడుకంటే నాలుగు వేళ్ళు తక్కువలో గీత గీశాడు.

“చాచా, తక్కువైతాంది.”

“కొత్త బెల్టు సాగుతది బిడ్డా. నీ తాడు లెక్కన కోస్తే వారంల వదులైతది.” మూలమట్టం చూసే చెక్క గుణియ ఆనించి, కత్తిని నీళ్ళలో ముంచి గీత వెంట నెమ్మదిగా కోశాడు. “కొస సీదా ఉండాలె. జరంత వంకరున్నా బెల్టు చక్రం మీద నిలువదు, ఒక దిక్కు గుంజుతది. యాదికి పెట్టుకో. ఇంకొకటి గూడ కోయాల్నా? ఇంట్ల పడి ఉంటది.”

“మల్లొచ్చినప్పుడు తీస్కపోత” అన్నాను. గిర్ని ఆగిపోయి అప్పటికి మూడు రోజులు. వేగిరం ఇంటికి పోవాలన్న ఆత్రం తప్ప నాకు మరో ధ్యాస లేదు.

చుట్టిన బెల్టు భుజాన వేసుకుని బస్సెక్కాను. బరువుకు భుజం కోసుకుపోతోంది. కండక్టరు చూసి, “ఏందమ్మా, కొండచిలువను గిట్ల పట్టుకొచ్చినవా? లగేజీ, కిందపెట్టు” అన్నాడు. కింద పెడితే ఎవరైనా తొక్కుతారని పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని దారంతా పట్టుకుని కూర్చున్నాను. ప్రతి స్టేజీలోనూ బస్సు ఆగితే నా ప్రాణం కొట్టుకునేది. దిగేవాళ్ళు నెమ్మదిగా దిగుతున్నారని లోపల్లోపల తిట్టుకున్నాను.

వర్ధన్నపేట ఇంకా మూడు మైళ్ళుందనగా నలుగురు మనుషులు సడక్‌కు అడ్డంగా చేతులూపుతూ నిలబడ్డారు. బస్సు ఆగింది.

“తాళ్ళున్నయా అన్నా? బాయిల ఎద్దు పడ్డది. మనుసులు కావాలె, జల్ది రాండ్రి!”

మొగవాళ్ళు చాలామంది దిగారు. డ్రైవరూ దిగాడు. నేను కాసేపు కూర్చున్నాను. తర్వాత, ఎండకు బస్సు లోపల ఉడికిపోతుంటే దిగి, చేను గట్టు వెంట నడిచాను. బెల్టు భుజానే ఉంది.

గోడ లేని పెద్ద బావి అది. ఒక వైపు అంచు విరిగి మట్టి లోపలికి జారిపోయి ఉంది. అడుగున బురద నీళ్ళలో తెల్లటి ఎద్దు మెడ దాకా మునిగి నిలబడి ఉంది. ముసలి రైతు ఒకాయన అంచున బోర్లా పడుకుని దానితో మాట్లాడుతున్నాడు. “నిలబడు నాయినా, నిలబడు. వస్తాండ్రు, వస్తాండ్రు” అంటున్నాడు. రెండో ఎద్దు దూరంగా చింతచెట్టుకు కట్టేసి ఉంది. అది అటూ ఇటూ తల తిప్పుతూ తాడు గుంజుకుంటోంది.

ఇద్దరు నీళ్ళలోకి దిగి ఎద్దు పొట్ట కింది నుంచి మోట తాళ్ళు వేశారు. పైనుంచి ఇరవై మంది గుంజారు. ఎద్దు ఒక మూర పైకి లేచి గావుకేక పెట్టింది. తాడు చర్మంలో దిగబడి నెత్తురు కారింది. తాడు జారింది, ఎద్దు మళ్ళీ నీళ్ళలో పడింది. రెండోసారీ అంతే. నీళ్ళు ఎర్రబడ్డాయి.

“తాడుతోని కాదు. వెడల్పుది ఏదన్న కావాలె. సంచులు తేండ్రి” అన్నాడు లోపలున్న ఒకాయన. గోనె సంచులు మడిచి తాడు కింద పెట్టారు. అవి జారి నీళ్ళలో కొట్టుకుపోయాయి.

నిజం చెప్పాలి. అప్పుడు నేను చేసిన మొదటి పని బెల్టు మీద కొంగు కప్పుకోవడం. గోడ వెంట వరుసగా పెట్టిన మూటలు కళ్ళముందు మెదిలాయి. మూడు రోజులుగా గుమ్మంలో నిలబడ్డ అత్త గుర్తొచ్చింది. ఈ గుంపులో నన్నెవరూ చూడలేదు, వెనక్కి పోయి బస్సులో కూర్చుందామనుకున్నాను. ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

డ్రైవరు నా వైపు తిరిగాడు. “అమ్మా, నీ భుజాన గదేంది?”

“గిర్ని బెల్టు” అన్నాను. “కొత్తది.”

ఆ ‘కొత్తది’ అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో, దాంతోపాటే సిగ్గూ వచ్చింది. ముసలి రైతు పడుకున్నచోటి నుంచే తల ఎత్తి చూశాడు. అడగలేదు. అడిగే ధైర్యం ఆయనకు లేదు. మళ్ళీ తల దించి ఎద్దుతో “నిలబడు నాయినా” అన్నాడు. నేను భుజాన్నుంచి బెల్టు తీసి డ్రైవరు చేతికిచ్చాను.

మొదట బెల్టును మొత్తంగా పొట్ట నడుమ వేసి లేపారు. ఎద్దు ముందుకు ఒరిగి ముక్కు నీళ్ళలో మునిగింది. “వదులుండ్రి, వదులుండ్రి!” అని కేకలు. ముందు కాళ్ళ వెనక ఒకటి, వెనక కాళ్ళ ముందు ఒకటి వేస్తేగానీ తూకం నిలవదని లోపలి ఆయన అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఒకాయన చేతిలో కొడవలి ఉంది.

“ఇటు తే” అన్నాను. “నేను కోస్త.”

వేరే వాళ్ళు కోస్తుంటే చూడలేననిపించింది. నాలుగు పొరల కాన్వాసు, కొడవలికి తొందరగా తెగదు. మోకాలి కింద తొక్కిపట్టి రంపంలా కోశాను. చేయి ఎటు పోతే కోత అటు పోయింది. చెమట కళ్ళలో పడుతోంది. రెండు ముక్కలు అయ్యాయి.

ఈసారి ఎద్దు లేచింది. కొసలకు మోట తాళ్ళు కట్టిన వెడల్పు పట్టీలు పొట్టను ఊయలలా పట్టుకున్నాయి. బస్సులోని మొగవాళ్ళు, చేలల్లోంచి వచ్చిన ఆడవాళ్ళు, కండక్టరు, నేను, అందరం తాళ్ళు పట్టి గుంజాం. అంచు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు మట్టిని అందుకుని తన్నుకుంటూ బయటపడింది. కాసేపు అలాగే కూలబడిపోయింది. ముసలాయన దాని మెడ మీద ముఖం పెట్టుకున్నాడు. చెట్టు కింది ఎద్దు గుంజుకోవడం మానేసింది. పొట్ట మీద గడ్డితో రుద్దగా రుద్దగా, బాగా పొద్దు వాలాక, బావిలో పడిన ఎద్దు నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

తడిసి బురదైన రెండు ముక్కలూ చుట్టుకుని నేను మళ్ళీ బస్సెక్కాను. కండక్టరు లగేజీ మాట ఎత్తలేదు.

ఇంటి ముందు మా ఆయన ఎదురుచూస్తున్నాడు. ముక్కలు చూసి ఆగిపోయాడు. జరిగింది చెప్పాను.

“ఎవల ఎద్దు?”

“ఎవలదో. ముసలాయన.”

“నీకు ఎరుక లేనోని ఎద్దుకు కొత్త బెల్టు కోస్తివా? ఇగ మనం ఏం జెయ్యాలె? నువ్వు చెప్పు!” గొంతు పెరిగింది. గిర్ని ముందు ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. అత్త బయటికి వచ్చి, “బతికిందా?” అని నన్నడిగింది. “బతికింది అత్తా.” “ఐతే నోర్మూయి” అంది కొడుకుతో. ఆయన సడక్ మీదికి వెళ్ళిపోయాడు.

బెల్టు రెండు రోజులు నీడలో ఆరేశాను. మూటలు ఒక్కొక్కటే పక్క ఊరి గిర్నికి తరలిపోయాయి. వాటిలో కొన్ని ఇక ఎప్పటికీ మా దగ్గరికి తిరిగి రాలేదు. మూడో పొద్దున కమ్మరాయన దొరక్క, క్లిప్పులు నేనే కొట్టి రెండు ముక్కల్నీ కలిపాను. చక్రాలకెక్కించి ఇంజను అందుకోగానే బెల్టు ఒక పక్కకు పాకి జారిపోయింది. ఇంజను ఆపి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ జారింది. మూడోసారి జారడమే కాదు, ఎగిరి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది.

“ఇంజన్ బంద్ పెట్టు!”

ఈ కేక కిటికీలోంచి రాలేదు. గుమ్మంలోంచి వచ్చింది. ఇంజను ఆపాను. ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఊపిరి గట్టిగా పీలుస్తున్నాడు. చక్రం ఆగేదాకా దాన్నే చూస్తూ ఉండి, అప్పుడు లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. బెల్టు కొస ఎడమ చేతిలోకి తీసుకున్నాడు.

“కొడవలితోని కోసినవా?”

“ఊఁ.”

“వంకర పోయింది. గిట్ల అతికితే ఎన్ని మాట్ల ఎక్కించినా నిలువదు. గుణియ తే. కత్తి తే. నీళ్ళు.”

కోసింది నేను, గీసింది ఆయన. ఎద్దు బరువుకు బెల్టు సాగి ఉండడంతో, వంకర తీసేసినా పొడవు సరిపోయింది. కొసలు రెండూ ఆనించి, ఆ కుడి అరచేతి మొదలుతో బెల్టును నేలకు అదిమిపట్టి, “ఇగ క్లిప్పు పెట్టి కొట్టు” అన్నాడు. సుత్తి ఎత్తాను. క్లిప్పు పక్కనే ఆయన చిటికెనవేలు. నా చెయ్యి దిగలేదు.

“కొట్టు.”

“నీ వేలు ఉన్నది ఆడ.”

“రెండే ఉన్నయ్. వాటి మీద కొట్టకు, పక్కకు కొట్టు.”

అన్నది మామూలుగానే. కానీ నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ప్రమాదం జరిగాక మా ఇద్దరి మధ్య ఆ చేతి గురించి వచ్చిన మొదటి మాట అది. ఆయనా నవ్వాడు. గుమ్మంలో అత్త, “మీకేమన్న పిచ్చి లేసిందా” అంటూ వచ్చి చూసి వెళ్ళింది.

బెల్టు నిలిచింది. ఇప్పుడు చుట్టుకు రెండుసార్లు టప్, టప్ అంటోంది. అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. వానలు పడే ముందు ఒకరోజు ఆ ముసలి రైతు మక్కల మూటతో వచ్చాడు. ఆయనకు ఇంకా దగ్గరలోనే వేరే గిర్ని ఉంది, అయినా మూడు మైళ్ళు నడిచి వచ్చాడు. తిరుగుతున్న బెల్టును చాలాసేపు చూసి, “అదేనా బిడ్డా?” అన్నాడు. “అదే తాతా” అన్నాను. మక్కలు పట్టి ఇచ్చాను. పిండి మూట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన గిర్నిలోకి రావడం మొదలైంది కానీ అక్కడ నిలబడలేకపోయేవాడు. గంట ఉంటే గొప్ప. మళ్ళీ సడక్. ఒకసారి పక్క పల్లె గిర్నిలో బెల్టు తెగిందని కబురొస్తే, మేం కొత్తగా తెచ్చి పెట్టుకున్న చుట్టలోంచి కొంత కోసుకుని సైకిల్ మీద పోయి అతికి వచ్చాడు. వచ్చిన మనిషి ముఖంలో తేడా నాకు తెలిసింది. అన్నం మొత్తం తిన్నాడు. మర్నాడు వరంగల్ పోయి చాచా దుకాణం నుంచి మరో చుట్ట తెచ్చాడు. అప్పటి నుంచి అదే ఆయన పనైంది. సైకిల్ వెనక క్యారియర్ మీద బెల్టు చుట్టలు, హ్యాండిల్‌కు సంచీ, సంచీలో గుణియ, కత్తి, క్లిప్పులు. వర్ధన్నపేట చుట్టూ ఏ గిర్నిలో, ఏ వడ్ల మరలో బెల్టు తెగినా ఆయనకే కబురు. ఇక తిరగడానికి ఆయనకొక కారణం దొరికింది.

ఏ గిర్నికి వెళ్ళినా ముందు ఇంజను ఆపించి, దాని హ్యాండిలు తెమ్మని తన సంచీలో వేసుకునేవాడు. అది తన దగ్గరుంటేనే బెల్టు ముట్టుకునేవాడు. “సుత్తి నువ్వు పట్టు, బెల్టు నేను పడత” అని గిర్ని వాళ్ళకే పని చెప్పేవాడు. ఎవరైనా తిరిగే చక్రానికి బెల్టు ఎక్కిస్తామని గొప్పలు పోతే మాట్లాడకుండా కుడిచెయ్యి వాళ్ళ ముందు చాపేవాడట. ఒకసారి హ్యాండిలు తిరిగి ఇవ్వడం మరిచి దాన్ని సంచీలోనే వేసుకుని ఇంటికి వచ్చేశాడు. అక్కడ పల్లె పల్లెంతా పిండి లేక కూర్చుంది. చూసుకుని నాలుక కరుచుకుని, ఎండలో ఆరు మైళ్ళు మళ్ళీ తొక్కాడు.

ఎనభైల్లో కరెంటు మోటార్లు వచ్చాయి. వెడల్పు బెల్టులు పోయి, సన్నగా, అతుకు లేకుండా, మీద నంబర్లు వేసిన వీ-బెల్టులు వచ్చాయి. వాటిని దండల్లా సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని పోయేవాడు. నంబర్లు ఆయన నాలుక చివర ఉండేవి. మేమూ మోటారు పెట్టాం. టప్ మనే చప్పుడు పోయింది. సన్నటి గుయ్ మనే రొద మిగిలింది. అత్త అప్పటికి లేదు. ఆ రొద నాకు చాలాకాలం పడలేదు. ఆగిందో నడుస్తుందో తెలియక, చేతిలో పని వదిలి వెళ్ళి చూసి వస్తుండేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన చెమటతో వచ్చి పీట మీద కూర్చున్నాడు. రాయపర్తి దిక్కు ఒక పల్లెలో గిర్ని నడిపే ఆమె గురించి చెప్పాడు. మొగుడు బొంబాయి పోయాడట, ఆమె ఒక్కతే నడుపుతోందట. పాత వెడల్పు బెల్టే ఇంకా ఉందట అక్కడ.

“సుత్తి పట్టుకుంటే అచ్చం నీ లెక్కనే కొడ్తది” అన్నాడు. “ఒకటి క్లిప్పు మీద, రెండు నేల మీద.”

“నీ వేలు మీద కొట్టలేదు గద?”

“ఇంకా లేదు.”

సడక్ మీద ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. ఇంకో ఊరి కబురు. మజ్జిగ గ్లాసులో సగం ఉంచి ఆయన లేచాడు. “తాగి పో” అన్నాను. “వచ్చి తాగుత” అంటూ బెల్టులు హ్యాండిల్‌కు తగిలించుకుని పోయాడు. నేను గ్లాసు మీద మూత పెట్టి గిర్నిలోకి వెళ్ళాను. మూటల వాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు.